పచ్చిక మీద జలాంతర్గామి

ఆస్ట్రేలియాలో సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఓ పల్లెటూరు. ఆ ఊరి నడిబొడ్డున తొంభై మీటర్ల జలాంతర్గామి! ఆ ఊరి పేరు వెనక, నీళ్లలో దారి తెలియక తడబడిన ఓ పడవ కథ ఉంది.

‘అమ్మమ్మా, అదిగో సబ్‌మెరైన్!’

కారు వెనక సీట్లోంచి మా మనవరాలు కేక పెట్టింది. నేను నమ్మలేదు. పొద్దున మెల్‌బోర్న్‌లో బయల్దేరినప్పటి నుంచీ దారి పొడవునా కనిపించినవి గొర్రెల మందలు, యూకలిప్టస్ చెట్లు, ఆవచేలలా పసుపుపచ్చగా విరబూసిన కనోలా పొలాలే. సెప్టెంబరు అంటే అక్కడ వసంతం. సముద్రం ఊసే లేదు. పిల్ల ఏదో చూసి భ్రమపడిందిలే అనుకున్నాను.

అంతలో అల్లుడు కారు పక్కకు తీసి ఆపాడు. ‘నిజమే అత్తయ్యగారూ, దీన్ని చూపిద్దామనే హైవే వదిలి ఊళ్లోకి తిప్పాను’ అన్నాడు నవ్వుతూ.

పచ్చిక మైదానంలో నల్లటి తిమింగలంలా పడుకుని ఉంది. మనుషులు దాని పక్కన చీమల్లా కనిపిస్తున్నారు. కొందరు పిల్లలు దాని వీపు మీదికెక్కి పరుగులు తీస్తున్నారు. ఎదురుగా పలక మీద పేరు: ఓట్‌వే. ఊరు పేరు హోల్‌బ్రూక్.

మా స్వస్థలం విశాఖపట్నం. ఒడ్డున ఉన్న జలాంతర్గామి నాకు కొత్త కాదు. రామకృష్ణా బీచ్‌లో ఉన్న కుర్సురాను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా అది సముద్రం పక్కనే ఉంటుంది, అలల చప్పుడు దానికి వినిపిస్తూనే ఉంటుంది. ఇదేమిటి, గొర్రెల మధ్య?

ఊరు పేరు మార్చుకుంది

రెండు వేల జనాభా కూడా లేని ఊరు హోల్‌బ్రూక్. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలను కలిపే హ్యూమ్ హైవే ఒకప్పుడు ఈ ఊరి మధ్య నుంచే వెళ్లేది. 2013లో బైపాస్ వేశాక లారీల రొద తగ్గి ఊరు నెమ్మదించింది. ఒక పెద్ద వీధి, రెండు వైపులా వరండాల దుకాణాలు, ఓ బేకరీ, పక్కనుంచి పారే చిన్న వాగు. అంతే.

ఆ వాగు పేరు టెన్ మైల్ క్రీక్. మొదట్లో ఊరినీ ఆ పేరుతోనే పిలిచేవారు. తర్వాత ఓ జర్మన్ ఇక్కడ పూటకూళ్ల ఇల్లు నడపడంతో ‘జర్మన్ గారి ఊరు’ అన్నట్టుగా జర్మన్‌టన్ అయింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీ శత్రుదేశమైంది. ఆ పేరుతో ఉత్తరాలు రాసుకోవడానికే ఊరివాళ్లకు మనసొప్పలేదు. కొత్త పేరు కోసం వెతికారు. సరిగ్గా అప్పుడు పత్రికల్లో ఓ కుర్ర నావికాధికారి పేరు మారుమోగుతోంది... లెఫ్టినెంట్ నార్మన్ హోల్‌బ్రూక్. బ్రిటిష్ జలాంతర్గామి బి11 కెప్టెన్. వయసు 26 ఏళ్లు. 1915 ఆగస్టులో ఊరు ఆయన పేరు పెట్టేసుకుంది. అప్పటికి ఆయన ఈ ఊరిని చూడనేలేదు!

పార్కులో ఆయన విగ్రహం ఉంది. పక్కనే బి11 నమూనా. దాని దగ్గర నిలబడే మా మనవరాలు అసలు ప్రశ్న అడిగింది.

‘దీనికి కిటికీలు లేవు కదా. నీళ్లలో ఎటు వెళ్తున్నారో ఎలా తెలుస్తుంది?’

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ‘దిక్సూచి ఉంటుందిగా’ అన్నాను టక్కున. అనేశాక మా పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. నా మాట నాకే తప్పుగా తోచింది.

అన్నయ్య దిద్దిన పాఠం

మా పెద్దన్నయ్య నేవీలో, కుర్సురా లాంటి జలాంతర్గాముల్లోనే పనిచేశాడు. ఎలక్ట్రికల్ విభాగం. ఇంట్లో ఉద్యోగం సంగతులు చెప్పేవాడు కాదు. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎన్నాళ్లకు వస్తాడో వదినకూ తెలిసేది కాదు.

1969 డిసెంబరులో రష్యన్ల దగ్గర మన నౌకాదళంలో చేరిన కుర్సురా, 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. అన్నయ్య మా అందరినీ తీసుకెళ్లాడు. వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారాలు, చేయి చాపితే తగిలే పైపులు, టార్పెడోల పక్కనే పడక బల్లలు. కంట్రోల్ రూమ్‌లో చుక్కాని తిప్పే మనిషి స్థానం దగ్గర ఆగి, ఓ గుండ్రటి డయల్ చూపించాడు.

‘చెల్లాయ్, నువ్వు బళ్లో ఏం చెబుతావు? సూది ఎప్పుడూ ఉత్తరానికే తిరుగుతుందని కదూ?’

‘అవును మరి.’

‘ఇంటికెళ్లి ఇనప బీరువా పక్కన పెట్టి చూడు’ అన్నాడు.

చూశాను. సూది పక్కకు తిరిగిపోయింది. బీరువాకే అలా తిరిగితే, నాలుగు వైపులా ఉక్కే ఉన్న జలాంతర్గామి కడుపులో దాని గతేమిటి? పైగా కింద వందల బ్యాటరీలు, మోటార్లకు వెళ్లే లావుపాటి కరెంటు తీగలు. కరెంటు పారే తీగ పక్కన సూది కదులుతుందని నేనే పిల్లలకు ప్రయోగం చేసి చూపించాను. కానీ ఆ రెండు పాఠాలనూ కలిపి ఏనాడూ ఆలోచించలేదు.

తొలి జలాంతర్గాములకు ఈ బాధ లేదు. 1775లో అమెరికాలో డేవిడ్ బుష్నెల్ తయారుచేసిన ‘టర్టిల్’ చెక్కది. దానిలో సమస్య వేరు. చీకట్లో దిక్సూచి చూడాలంటే కొవ్వొత్తి వెలిగించాలి. కొవ్వొత్తి వెలిగిస్తే లోపలి గాలి అయిపోతుంది. అందుకని పుచ్చిన కర్ర మీద పెరిగి చీకట్లో మెరిసే ఒక రకం శిలీంధ్రాన్ని దిక్సూచికి అతికించారు. ఆ మసక వెలుగే దీపం! ఉక్కు పడవలు వచ్చాకే అసలు చిక్కు మొదలైంది.

దిక్సూచి బయట, చూపు లోపల

ఓట్‌వే పక్కనే ఓ చిన్న మ్యూజియం ఉంది. కంట్రోల్ రూమ్‌ను మళ్లీ అమర్చి చూపిస్తారు. అక్కడి నుంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, మనవరాలికి బి11 కథ చెప్పాను.

బి11 పొడవు 43 మీటర్లే. లోపల పదిహేను మంది చిల్లర. దిక్సూచి లోపల పెడితే పనికిరాదు కాబట్టి, దాన్ని పడవ ఉక్కు పొట్ట బయట, పైన బిగించారు. మరి లోపలున్నవాడికి కనిపించేదెలా? ఓ గొట్టం, దానిలో లెన్సులు. పైనున్న దిక్సూచి పళ్లెం మీది అంకెల బొమ్మ ఆ గొట్టం గుండా కిందికి దిగి చుక్కాని పట్టినవాడి ఎదుట పడుతుంది. వస్తువు ఒకచోట, దాన్ని చదివే కన్ను మరోచోట. సినిమా హాల్లో మన వెనకాల గదిలోంచి బొమ్మ తెర మీద పడుతుందే, దాదాపు అలాగే.

ఉపాయం బాగుంది. కానీ ఆ లెన్సులు మసకబారితే?

1914 డిసెంబరు 13న అదే జరిగింది.

టర్కీలో డార్డనెల్స్ జలసంధి. దాదాపు అరవై కిలోమీటర్ల పొడవు. మరీ ఇరుకైనచోట ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య కిలోమీటరుంపావే. రెండు పక్కలా ఫిరంగులు, నీళ్లలో ఐదు వరసల మైన్లు, ఎదురుగా తోసుకొచ్చే ప్రవాహం. హోల్‌బ్రూక్ ఆ మైన్ల అడుగు నుంచి పడవను లోపలికి నడిపించాడు. లంగరేసి ఉన్న మెసుదియె అనే పాత టర్కీ యుద్ధనౌక మీదికి టార్పెడో వదిలాడు. నిమిషాల్లో నౌక తలకిందులైంది. అందులో ముప్పై మందికి పైగా చనిపోయారు. వాళ్ల ఇళ్లలోనూ ఎదురుచూసేవాళ్లు ఉండే ఉంటారు.

ఇక తిరిగి వెళ్లాలి. అప్పుడు చూస్తే దిక్సూచి లెన్సులకు ఆవిరి పట్టేసింది. అంకెలు లేవు, గీతలు లేవు, మసక తప్ప. బయటికెళ్లి తుడవడానికి వీల్లేదు. పైకి తేలితే ఫిరంగులు. అడుగున ఉంటే దారి తెలియదు.

‘మరేం చేశారు?’ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

తడుముకుంటూ వెళ్లారు. పడవ చాలాసార్లు అడుగున నేలకు రాసుకుంది. ఓసారి మెట్టలోకి వచ్చి పై భాగం నీళ్ల మీదికి తేలింది. ఒడ్డునుంచి కాల్పులు మొదలయ్యాయి. మళ్లీ ఎలాగో లోతుకు దిగారు. పెరిస్కోప్ ఎత్తి చూస్తే చుట్టూ కొండలు. వాటి మధ్య ఒక్కచోట మాత్రం నేల లేదు, ఆకాశం నీటిని తాకుతోంది. అది సముద్రమే అయ్యుండాలి! హోల్‌బ్రూక్ పడవను అటు తిప్పించాడు. మళ్లీ మైన్ల కిందుగా దూరి బయటపడ్డారు. ఒక దఫా ఏకంగా తొమ్మిది గంటలు నీళ్లలోనే ఉన్నారు.

హోల్‌బ్రూక్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది. జలాంతర్గామిలో పనిచేసినవాళ్లలో ఆ పతకం అందుకున్న మొదటివాడు ఆయనే. పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పతకం ఇచ్చారు.

పిల్ల చేత ఓ లెక్క వేయించాను. సముద్రం మీద దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే, అరవై మైళ్లు వెళ్లేసరికి ఒక మైలు పక్కకు పోతాం. పది డిగ్రీలు తప్పితే ఆరు మైళ్లకే మైలు తేడా. ఆ జలసంధి ఇరుకు మైలు కూడా లేదు. మసకబారిన లెన్సు ముందు ఎన్ని డిగ్రీలు తప్పుతున్నామో తెలిసేదెవరికి?

మూసీమూయని బొంగరం

ఈ జబ్బుకు మందు అప్పటికే తయారైంది. తయారుచేసినవాడు ఎవరనుకున్నారు? ఓ జర్మన్!

హెర్మన్ అన్‌షుట్జ్ కెంఫె చదివింది కళల చరిత్ర. పిచ్చి మాత్రం ఉత్తర ధ్రువం. మంచు పైనుంచి నడిచి వెళ్లడం కష్టం కాబట్టి మంచు కిందుగా జలాంతర్గామిలో వెళ్తానన్నాడు. ఉక్కు పడవలో, అదీ ధ్రువం దగ్గర, అయస్కాంతపు సూదిని నమ్మలేం. అందుకని అయస్కాంతమే లేని దిక్సూచి కోసం పట్టుబట్టి కూర్చున్నాడు. 1904లో పేటెంట్ తీసుకున్నాడు. 1908లో జర్మన్ నౌకాదళం దాన్ని ఓ యుద్ధనౌక మీద పరీక్షించింది. అదే గైరో కంపాస్. 1911లో అమెరికాలో ఎల్మర్ స్పెర్రీ తన గైరోను పరీక్షించాడు. ఇద్దరికీ పేటెంటు తగాదా వస్తే, జర్మన్ కోర్టుకు నిపుణుడిగా సలహా చెప్పింది ఎవరో కాదు, ఐన్‌స్టీన్!

గైరో అంటే మన బొంగరమే. జోరుగా తిరుగుతున్న బొంగరాన్ని కదిపి చూడండి, మొండికేస్తుంది. తన ఇరుసును అంత తేలిగ్గా పక్కకు తిప్పనివ్వదు. నిమిషానికి వేలసార్లు తిరిగే చక్రాన్ని ఎటైనా కదిలేలా అమర్చి, దానికి చిన్న బరువు తగిలిస్తే, కింద భూమి తిరుగుతున్న కొద్దీ ఆ బరువు ఇరుసును నెమ్మదిగా నెడుతూ భూమి ఇరుసు వైపు తెస్తుంది. అంటే అది చూపించేది అసలైన ఉత్తరాన్ని. చుట్టూ ఉక్కు ఉన్నా, పక్కన కరెంటు తీగ ఉన్నా దానికి పట్టదు. భూమి తిరగడమే దానికి ఆధారం.

ఇంకో మేలు కూడా ఉంది. గైరోను పడవ లోతుల్లో భద్రమైనచోట ఉంచి, అది చెప్పే దిక్కును కరెంటు తీగల ద్వారా ఎన్ని డయళ్లకైనా పంపవచ్చు. చుక్కాని దగ్గర ఒకటి, పటం పరిచే బల్ల దగ్గర ఒకటి, పెరిస్కోప్ దగ్గర ఒకటి. అన్నీ ఒకే మాట చెబుతాయి. లెన్సు లేదు, ఆవిరి లేదు. అన్నయ్య నాకు చూపించిన గుండ్రటి డయల్ అలాంటిదే.

అయినా దిక్కు తెలిస్తే సరిపోదు. ఎంత వేగంతో, ఎంతసేపు వెళ్లామో లెక్కగట్టి ఎక్కడున్నామో పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆ లెక్కలో చిన్న చిన్న తప్పులు రోజులు గడిచేకొద్దీ పోగవుతాయి. అందుకే ఒకప్పుడు రాత్రివేళ పైకొచ్చి నక్షత్రాలు చూసి సరిదిద్దుకునేవారు. ఇప్పుడు మన ఫోన్లకు దారి చూపే ఉపగ్రహాల సంకేతాలూ నీళ్లలోకి చొరబడవు. ఎంత కొత్త జలాంతర్గామికైనా లోపలి గైరోలే కళ్లు. 1958 ఆగస్టు 3న అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ ఉత్తర ధ్రువం మంచు కిందుగా దాటింది కూడా అలాంటి పరికరాల నమ్మకం మీదే. అన్‌షుట్జ్ కల యాభై ఏళ్లకు వేరేవాళ్ల చేతుల్లో నెరవేరింది.

జర్మన్ పేరు వద్దనుకుని, దిక్సూచి మసకబారిన వీరుడి పేరు పెట్టుకుంది ఈ ఊరు. ఆ తర్వాత వచ్చిన ప్రతి జలాంతర్గామికీ, ఎదురుగా పచ్చిక మీద పడుకున్న ఈ ఓట్‌వేకీ దారి చూపింది మాత్రం ఆ జర్మన్ మొదలుపెట్టిన పనే. ఆలోచిస్తే నవ్వొచ్చింది. పరికరాలకు దేశం లేదు కదా.

అందరికంటే ముందు

హోల్‌బ్రూక్ 1976లో చనిపోయాడు. అంతకు ముందు మూడుసార్లు ఈ ఊరికి వచ్చి వెళ్లాడు. ఓట్‌వే నౌకాదళం నుంచి విరమించాక దాని పై గోపురాన్ని నేవీ ఈ ఊరికి ఇచ్చింది. ఊరివాళ్లకు అది చాల్లేదు, పడవంతా కావాలన్నారు. చందాలు పోగుచేశారు. హోల్‌బ్రూక్ భార్య గుండులా లక్ష డాలర్లు ఇచ్చారు. అంతా కొనలేక, నీళ్ల పైన కనిపించే భాగం మాత్రం తెచ్చి 1997లో ఇక్కడ నిలబెట్టారు. అంటే మనం చూసేది పై గుల్లే. దాని పొడవు 90 మీటర్లు, మా కుర్సురా 91. అప్పచెల్లెళ్లే అనుకోవచ్చు. కానీ మా విశాఖ పడవ లోపలికి వెళ్లి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవచ్చు. ఆ విషయం మనవరాలికి కాస్త గర్వంగానే చెప్పాను.

గైరో గురించి అన్నయ్య ఓ మాట చెప్పాడు. ఆ చక్రం తిరగడం మొదలుపెట్టగానే ఉత్తరం చూపించదట. కుదురుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి పడవ రేవు వదలడానికి చాలా ముందే దాన్ని తిప్పడం మొదలుపెట్టాలి.

అది విన్నప్పుడు వదిన ముఖం చూశాను. ప్రయాణం ఉన్న రోజు అన్నయ్య తెల్లవారకుండానే ఇంట్లోంచి వెళ్లిపోయేవాడు. పిల్లలు లేచేదాకా అయినా ఆగడేమిటని వదిన ఏళ్ల తరబడి బాధపడింది. ఆ రోజు కుర్సురా లోపల, ఆ డయల్ ముందు, అందరం ఉండగా నెమ్మదిగా అడిగింది. ‘దీని కోసమా మీరు అంత పెందలాడే వెళ్లేవారు?’

‘నేను వెళ్లి దాన్ని తిప్పకపోతే మిగతా డెబ్భై మందికీ దారేదీ?’ అన్నాడు అన్నయ్య. తర్వాత తనే అన్నాడు. ‘లోపల ఉన్నన్నాళ్లూ సముద్రం ఎలా ఉందో నేను చూడలేదు. ఇదే చూశాను. ఇది ఇంటి వైపు తిరిగిందంటే ఇల్లు వస్తుందని తెలిసేది.’

అన్నయ్య ఇప్పుడు లేడు. ఆ మాట మాత్రం కుర్సురా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా వినిపిస్తుంది. హోల్‌బ్రూక్‌లో, దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్ల దూరంలో, గొర్రెల అరుపుల మధ్య కూడా వినిపించింది.

బయల్దేరేసరికి చీకటి పడింది. హైవే మీద దీపాలు లేవు. ఆకాశం నిండా చుక్కలు. మనవరాలు కిటికీలోంచి తల వంచి ధ్రువ నక్షత్రం చూపించమంది. ఇక్కణ్నుంచి అది కనపడదు తల్లీ, భూమికి మనం ఈ పక్కన ఉన్నాం అని, దక్షిణాన వాలిన త్రిశంకును చూపించాను.

‘మరి పెద్ద తాతయ్య బొంగరం ఇక్కడ పనిచేస్తుందా?’

‘చేస్తుంది. ఇక్కడ తిప్పినా ఉత్తరమే చూపిస్తుంది.’

‘అంటే వైజాగ్ అటేనా?’

అటే, కానీ బాగా పడమరగా అన్నాను.

ఎలా వెళ్లాలి?

మెల్‌బోర్న్ నుంచి హ్యూమ్ హైవే మీద సిడ్నీ వైపు దాదాపు 385 కిలోమీటర్లు వెళ్తే హోల్‌బ్రూక్ వస్తుంది. ఆల్బరీ పట్టణం దాటాక సుమారు 65 కిలోమీటర్లు. బైపాస్ ఉంది కాబట్టి ఊళ్లోకి మలుపు చూసుకుని తిరగాలి. ఓట్‌వే పార్కులోనే ఉంటుంది, దగ్గరికెళ్లి చూడటానికి టికెట్ లేదు. కుర్సురా చూడాలంటే విశాఖ రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో రామకృష్ణా బీచ్‌కు వెళ్లాలి. సోమవారం సెలవు. లోపల గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. దిక్కు చూపే డయల్ ఎక్కడుందని అడగండి. సంతోషంగా చూపిస్తారు.